ఆగని ఇంజను

పోయిన వారం మనం జైరాంను మునగాల దాటాక హైవే పక్కన ఒక ఆపదలో వదిలి వచ్చాం. ఆ రోజు ఆయన తన ఏడు సీట్ల పాత డీజిల్ కారులో కూతురు రజితను పక్కన కూర్చోబెట్టుకుని మిర్యాలగూడ నుంచి సూర్యాపేట మీదుగా కోదాడకు వస్తున్నాడు. అది మామూలు కిరాయి కాదు. రజిత, ఆమెతో పాటు కోదాడ కాలేజీలో ఇంజనీరింగు చదివిన నగేష్, ఇద్దరూ కలిసి కొన్ని నెలల కిందట అనుమతులన్నీ తెచ్చుకుని ఆ కారుకు టర్బో బిగించారు. సైలెన్సర్ గుండా ఊరికే పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాంతో ఇంజనుకు మరింత గాలి అందిస్తే డీజిల్ ఇంకా బాగా మండుతుంది. అదే లీటరుతో బండి ఇంకొంత దూరం పోతుంది. అది వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం రోడ్డు మీద రుజువైతే, మిర్యాలగూడలో బియ్యం రవాణా నడిపే భద్రమ్మ తన పాత బళ్లన్నింటికీ టర్బోలు పెట్టించుకుంటానంది. సూర్యాపేట దాకా అంతా బాగానే సాగింది. మునగాల దాటాక కారు ఉన్నట్టుండి తెల్లటి పొగ చిమ్మింది. జైరాం పక్కకు తీసి ఆపి, తాళం తిప్పి బయటికి లాగేశాడు. అయినా ఇంజను ఆగలేదు.

తాళం ఆయన చేతిలోనే ఉంది. ఇంజను మాత్రం ఎవరో కనపడని మనిషి యాక్సిలరేటర్ తొక్కిపట్టినట్టు అంతకంతకూ వేగం పెంచుకుంటోంది. కారంతా వణుకుతోంది. వెనక నుంచి వచ్చే లారీలు ఆ పొగలో దారి కనపడక హారన్లు కొడుతూ పక్కకు తప్పుకుపోతున్నాయి.

ఏం జరుగుతోందో రజితకు తెలిసింది. టర్బోలో సీలు పోయింది. ఇంజను లోపల ఉండాల్సిన ఆయిల్ గాలి దారిలోకి వచ్చి పడుతోంది. డీజిల్ బంద్ అయినా ఇంజను తన ఆయిల్‌ను తానే తాగి మండించుకుంటోంది. ఆ ఆయిల్ అయిపోయేదాకానో, లేదా ముక్కలయ్యేదాకానో అది ఆగదు. గాలి దారి మూసేయాలి. ఆమె తలుపు తీసుకుని దూకి బానెట్ వైపు ఉరికింది.

“రజితా! బానెట్ ముట్టకు!”

“గాలి బంద్ చెయ్యాలె బాపూ!”

“చెయ్యి పోతది! అవతలికి జరుగు అంటున్న గదా!”

ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. జైరాం క్లచ్ తొక్కి, గేరు మార్చి, చివరి గేరులో పెట్టాడు. ఒంటి బరువంతా బ్రేకు మీద వేసి నిలబడ్డంత పని చేశాడు. తర్వాత క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాడు. కారు ముందుకు ఎగిరి దూకినట్టు ఊగింది. లోపల ఎక్కడో గట్టిగా దెబ్బ తగిలిన చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఆయన దిగలేదు. స్టీరింగు వదలకుండా కూర్చునే ఉన్నాడు. రజిత దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు తల తిప్పి, “నీకేం కాలే గదా బిడ్డా?” అన్నాడు.

మరునాడు పొద్దున కారును తాడు కట్టి లాక్కొచ్చి కోదాడలో రజిత, నగేష్‌ల రేకుల షెడ్డు ముందు నిలబెట్టారు. మోతె దగ్గరి తండా నుంచి జమ్లీ మొదటి బస్సుకే వచ్చేసింది. వచ్చీ రాగానే కూతురి రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా కాలలేదని నమ్మకం కుదిరాక భర్తను చూసింది. జైరాం స్టూలు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడడం లేదు. కళ్లు మూస్తే చాలు, బానెట్ వైపు ఉరుకుతున్న కూతురు కనపడుతోంది ఆయనకు.

నగేష్ పానాలు తీసి గుడ్డ మీద పరుస్తున్నాడు. వేములపల్లిలో గొర్లు, బర్లు పెంచే కాటయ్య కొడుకతను. హైదరాబాదులో దొరికిన ఉద్యోగం వదులుకుని ఈ షెడ్డు కోసం వచ్చాడు. మెల్లగా మాట్లాడతాడు, ఎదుటివాళ్లు కోప్పడితే అసలే మాట్లాడడు.

“నగేషూ,” అన్నాడు జైరాం చివరికి. “గా ఆయిల్ పైపు కట్టిందెవరు?”

“నేనే కాకా.”

“సీలు ఏసింది?”

“నేనే.”

“మరి నిన్న నా బిడ్డ సచ్చిపోతుండె గదరా.”

నగేష్ పానాను గుడ్డ మీద పెట్టాడు.

“ముప్పై ఏండ్ల సంది బండి నడుపుతున్న. ఎండల పోయిన, వానల పోయిన. ఏనాడన్న తాళం తీసినంక ఇంజను ఉరికిందా? గీ టర్బో గిర్బో పెట్టినంకనే గిట్లయింది. ఇగ ఖతం. దాన్ని పీకి అవతల పారెయ్యిండ్రి. నా పాత ఇంజను నాకు పాతలెక్కనే కావాలె.”

“బాపూ, జర ఆగు. ముందు ఇప్పి సూడనియ్యి,” అంది రజిత.

“ఏం సూస్తవ్? నిన్న నేను సూసింది సాలదా?”

ఆమె బానెట్ కిందికి వంగింది. నగేష్ టార్చి పట్టుకున్నాడు. గాలి గొట్టం ఊడదీస్తే లోపలంతా ఆయిల్ తడి. టర్బో చక్రాన్ని వేలితో కదిపింది. తాకితే చాలు గిరగిరా తిరగాల్సిన చక్రం వదులైపోయి అటూ ఇటూ ఊగి గోడకు ఒరుసుకుంటోంది. అంతవరకు ఆమె అనుకున్నదే. తర్వాత టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగిపోయే గొట్టం విప్పి వెలుతురుకు పెట్టి చూసింది. అవతలి వైపు కనపడలేదు. లోపల నల్లగా, గట్టిగా, బొగ్గు పేరుకున్నట్టు పేరుకుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా రాలింది.

ఆమె తలెత్తి నగేష్‌ను చూసింది. అతను కూడా అదే చూస్తున్నాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఇది గొట్టం తప్పుగా కట్టినందుకు వచ్చే జబ్బు కాదు. ఎర్రగా కాలి ఉన్న టర్బోను చల్లారనివ్వకుండా బండి ఆపిన వెంటనే ఇంజను బంద్ చేస్తే, అట్లా ఒకసారి కాదు, రోజూ చేస్తే, ఆయిల్ ఇట్లా మాడి గడ్డకడుతుంది. దిగే దారి మూసుకుపోయిన ఆయిల్ సీలును తోసుకుని ఇంకో దారి వెతుక్కుంటుంది. టర్బో బిగించిన రోజే ఆమె చెప్పింది: జోరుగా వచ్చి ఆపితే వెంటనే బంద్ చెయ్యకు బాపూ, ఒక నిమిషం అట్లనే తిరగనియ్యి. ఆయన సరేనని తలూపాడు.

“నాదే తప్పు కాకా,” అన్నాడు నగేష్, టార్చి ఆర్పేసి. “పైపు వంపు సరిగ్గ పెట్టలే. అందుకే గిట్లయింది.”

రజిత తెల్లబోయి చూసింది. అతను ఆమె వైపు చూడడం లేదు. నేల మీద పరిచిన గుడ్డను సరిచేస్తున్నాడు.

ఊరుకుంటే సరిపోతుంది. బాపు రోజూ కిరాయికి నిలబడే సూర్యాపేట టాక్సీ స్టాండుకు తలెత్తుకుని పోతాడు. ఆయన ముందు తను నోరు విప్పాల్సిన పని లేదు. నగేష్ మోయగలిగినంత మోస్తాడు. కానీ మోసి ఏం లాభం? బాపు ఇంకో కారు కొన్నా ఇట్లాగే బంద్ చేస్తాడు. అప్పుడు పక్క సీట్లో ఎవరుంటారో. పైగా ఈ షెడ్డు కోసం అన్నీ వదులుకుని వచ్చిన మనిషి, చేయని తప్పుకు తల వంచుకుని నిలబడ్డాడు.

“అబద్ధం,” అంది రజిత.

“రజితా, ఊకో,” అన్నాడు నగేష్ మెల్లగా.

“పైపు మంచిగనే ఉంది. సీలు మంచిగనే ఏసిండు.” “బాపూ, ఒకటి అడుగుత. బండి ఆపినప్పుడు జర సేపు తిరగనిస్తున్నవా? ఎంటనే బంద్ చేస్తున్నవా?”

“ఎంటనే బంద్ చేస్త. మరేం చేస్తరు? నిలవడ్డ బండికి డీజిల్ తాపుతరా ఎవరన్న?”

“నేను చెప్పిన గదా బాపూ, ఒక నిమిషం...”

“చెప్పినవ్. ఒక నిమిషం ఇంజను ఉత్తగ తిరిగితే ఎంత డీజిల్ పోతదో నాకు ఎరుక లేదా? రైలు గేటు పడితే బంద్, ఛాయ్‌కి ఆగితే బంద్. దిగువ ఉంటే...”

“దిగువ ఉంటే గూడ బంద్ చేసి ఉత్తగనే జార్చుకుంట పోతడు,” అంది జమ్లీ. ఆమెకు ఇంకా సంగతి అందలేదు. భర్త పొదుపును మెచ్చుకుంటున్నట్టే అంది. “దవాఖానకు తోలుకపోయిననాడు గూడ గంతే. నేను దిగకముందే బంద్ చేసిండు.”

ఎవరూ నవ్వలేదు. రజిత ఆ గొట్టాన్ని తండ్రి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వేలు లోపలికి పెట్టబోతే పట్టలేదు.

“ఇదేంది?”

“ఆయిల్ బాపూ. మాడిపోయిన ఆయిల్. టర్బోల చక్రం నిమిషానికి లక్ష సుట్లు తిరుగుతది. దాన్ని పట్టుకోని ఉండేది ఆయిలే. వేడిని గుంజుకపోయేది గూడ ఆయిలే. ఇంజను బంద్ చేస్తే ఆయిల్ పారుడు ఆగిపోతది. చక్రం కాడ వేడి మాత్రం అట్లనే ఉంటది. ఉన్న రెండు సుక్కలు ఆడనే మాడిపోతయి.”

“మూకుడు పొయ్యి మీద మరిసిపోతే నూనె మాడి అంటుకున్నట్టా?” అంది జమ్లీ.

“అట్లనే యాడీ,” అంది రజిత తల్లితో.

జమ్లీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. లంబాడీలో భర్తతో ఏదో చిన్నగా అనబోయి ఆగిపోయింది. జైరాం గొట్టం వైపే చూస్తున్నాడు. ఆయన మొహంలో మొదట కోపం వచ్చింది, కూతురు అందరి ముందూ తనను నిలబెట్టిందని. అది ఎంతోసేపు నిలవలేదు.

“అంటే నిన్న నువ్వు బానెట్ కాడికి ఉరికింది నా పని తోనే అన్నట్టు,” అన్నాడు.

“గట్లెందుకు అంటవ్...”

“నన్ను అననియ్యి.” ఆయన గొట్టాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. “నువ్వు బడిల ఉన్నప్పుడు, కోదాడ కాలేజీల ఉన్నప్పుడు, ఏం చేసి నడిపిన అనుకున్నవ్ ఇల్లు? కిరాయిలు అందరికి దొరికినట్టే దొరికినయి నాకు. స్టాండుల ఉన్నోళ్లు బండి ఆపి, ఇంజను నడుపుకుంటనే ముచ్చట్లు పెడుతుండె. నేను బంద్ చేస్తుంటి. అదొక్కటే తేడా. గట్ల మిగిలిన సుక్క సుక్కతోనే నిన్ను సదివిచ్చిన. గా పనే తప్పయితదని నాకెట్ల ఎరుక?”

రజిత రోడ్డు మీద పరీక్షలు చేసి, లెక్కలు కట్టి, ఎంతో కష్టం మీద ఒక లీటరులోంచి ఇంకొంచెం దూరం పిండుకుంది. ఈ మనిషి ఏ చదువూ లేకుండా ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. ఇద్దరి పట్టుదలా ఒకటే. అవి రెండూ ఒకే ఇంజనులో ఎదురుపడి గుద్దుకున్నాయి.

ఆమె కింద, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

“తప్పు గాదు బాపూ. పాత ఇంజనుకు అదే సరైన పని. టర్బో పెట్టినంక పద్ధతి మారుతది. చెయ్యమని చెప్పిన గాని ఎందుకో చెప్పలే. ఎందుకో చెప్తే నువ్వు ఇనకపోదువా?”

“ఇనేటోన్ని,” అన్నాడు జైరాం. “మూకుడు ముచ్చట చెప్తే ఇనేటోన్ని.”

జమ్లీ కొంగుతో కళ్లు తుడుచుకుని, అందరికీ తెచ్చిన జొన్నరొట్టెల మూట విప్పడం మొదలుపెట్టింది. ముందు రొట్టె నగేష్‌కు అందించింది. అతను తీసుకోవడానికి మొహమాటపడుతుంటే జైరాం స్టూలు మీద నుంచి లేచి వచ్చాడు.

“నువ్వెందుకు నీ మీదేసుకున్నవ్‌రా?”

నగేష్ రొట్టెను చేతిలోకి తీసుకున్నాడు. “నిన్న మీరు ఆపకపోతే రజిత బానెట్ లేపుతుండె కాకా. ఆపిన మనిషిని పట్టుకోని తప్పు మీదే అని ఎట్లంట?”

జైరాం అతని చేతిలోని రొట్టె మీద ఇంకో రొట్టె వేసి, “తిను,” అన్నాడు.

మధ్యాహ్నం దాటాక షెడ్డు ముందు తెల్ల కారు ఆగింది. భద్రమ్మ దిగింది. కోదాడలో పుట్టి మిర్యాలగూడ కోడలైన మనిషి. భర్త పోయాక వ్యాపారం తన చేతిలోకి తీసుకుని ఇన్నేళ్లుగా నడుపుతోంది. నిన్న ఎవరో లారీ డ్రైవరు ఫోనులో తీసిన వీడియో పొద్దునకల్లా ఆమె దాకా చేరింది. పొగ, అరుస్తున్న కారు, పక్కన నిలబడిపోయిన రజిత, అన్నీ అందులో ఉన్నాయి.

అయిపోయింది, అనుకుంది రజిత. నగేష్ కుర్చీ తుడిచి వేశాడు. సూర్యాపేట బంకులో నిండుగా పోయించి చూసిన లెక్క చెప్పాలని అతను నోరు తెరవబోయాడు. అంతలో జైరాం ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, నేను చెప్త. సూర్యాపేట కాడ సూసినం. ఎనుకట లీటరుకు పదకొండు దాటకపోతుండె, నిన్న పదమూడు దాటింది. అది నిజం. గా తర్వాత ఇంజను పోయింది, అదీ నిజమే. పోయింది టర్బో తోని గాదు, పిల్లల పని తోని గాదు. నా తోని. వేడి మీదున్న ఇంజనును రోజూ టక్కున బంద్ చేసిన, లోపల ఆయిల్ మాడిపోయింది. మీ డ్రైవర్లకు గా ఒక్క ముచ్చట నేర్పితే గిట్ల కాదు. కావాలంటే నేనే వచ్చి నేర్పుత.”

రజిత తండ్రి వైపు తిరిగింది. స్టాండులో తన బండి మైలేజీ గురించి ఎవరితోనూ ఓడిపోని మనిషి, ఎవరూ అడగకుండానే ఈ మాటలు చెప్పాడు.

భద్రమ్మ మైలేజీ గురించి ఒక్క ముక్క అడగలేదు. కుర్చీలో కూర్చోనూ లేదు.

“తాళం తీసినా ఆగలేదా?” అంది.

“ఆగలేదమ్మా.”

“నిజంగా బయటికి తీశారా? చేతిలో పట్టుకున్నారా?”

“పట్టుకున్న. నా బిడ్డ సూసింది.”

“బ్రేకు తొక్కితే?”

“తొక్కినా ఇంజను గుంజుతనే ఉంటది. గేరుల ఏసి, క్లచ్ వదిలి సంపాలె దాన్ని. గది ఎరుక లేకుంటే...” ఆయన ఆగిపోయాడు. భద్రమ్మ మొహం రంగు మారడం చూశాడు.

ఆమె కుర్చీ వీపు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. జమ్లీ పరిగెత్తి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. రెండు గుక్కలు తాగి, గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఆమె చెప్పింది.

“పోయినేడు మా అబ్బాయి చనిపోయాడు. మీరు వినే ఉంటారు. మా వ్యాను వేములపల్లి దగ్గర కాలవలో పడింది. నడిపింది మంగయ్య. మా దగ్గర ఇరవై ఏళ్లు పైనే చేశాడు. మా అబ్బాయికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది కూడా అతనే. మంగయ్య బతికాడు, మావాడు బతకలేదు. బండి పొగ చిమ్మిందనీ, తాళం తీసేసినా ఆగలేదనీ, బ్రేకు తొక్కితే కూడా లాక్కుపోయిందనీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. తాళం తీశాక బండి ఎట్లా నడుస్తుందమ్మా? తాగి నడిపి కథ చెబుతున్నాడన్నారు. నేనూ అదే అనుకున్నాను.”

ఆమె గ్లాసును కుర్చీ పక్కన నేల మీద పెట్టింది.

“కోర్టులో నిలబడి చెప్పాను, వీడు అబద్ధమాడుతున్నాడని. అప్పుడు నా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. వచ్చే నెలలో తీర్పు.”

రజిత భద్రమ్మ కుర్చీ దగ్గరికి వచ్చింది.

“ఆ వ్యానుకు టర్బో ఉండెనా అమ్మా?” అని అడిగింది రజిత.

“కంపెనీ నుంచే ఉంది. బ్రేకులు చూశారు, టైర్లు చూశారు, అన్నీ బాగున్నాయన్నారు. టర్బో సంగతి ఎవరూ ఎత్తలేదు. బండి ఇంకా మా మిల్లు వెనక షెడ్డులోనే ఉంది. తుక్కుకు వెయ్యమని మా అల్లుడు చాలాసార్లు అన్నాడు. మావాడు చివరిసారి కూర్చున్న బండి, చూడలేను, పంపించలేను.” ఆమె తలెత్తింది. “నువ్వు విప్పి చూస్తే తెలుస్తుందా?”

తెలిస్తే ఏమవుతుందో కూడా రజిత ఆలోచించింది. మంగయ్య నిజమే చెప్పాడని తేలితే, ఈమె ఒక అమాయకుణ్ణి బోనులో నిలబెట్టిన మనిషి అవుతుంది. తేలకపోతే, ఇప్పుడే పుట్టిన ఈ అనుమానం కూడా చచ్చిపోయి మంగయ్యకు ఇక దారి ఉండదు.

“తెలుస్తదమ్మా,” అంది. “కానీ ఏం కనపడితే అదే చెప్త. మీకు నచ్చినా నచ్చకపోయినా.”

“అందుకే నిన్ను అడుగుతున్నాను,” అంది భద్రమ్మ. “మీ నాన్న మాట్లాడింది విన్నాక ఇంకెవరి దగ్గరికీ పోబుద్ధి కాలేదు.”

మర్నాడు పొద్దున భద్రమ్మ పంపిన కారులో రజిత, నగేష్, జైరాం మిర్యాలగూడ చేరేసరికి మిల్లులో పని మొదలై, వాకిలంతా ఊక ధూళి లేస్తోంది. గేటు అవతల రోడ్డు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నెరిసిన గడ్డం, సరిగ్గా వంగని ఎడమ మోకాలు. భద్రమ్మే కబురు పంపిందట. లోపలికి రమ్మన్నా రాలేదు మంగయ్య. జైరాం కారు దిగి, మిల్లులోకి పోకుండా నేరుగా అతని దగ్గరికి నడిచాడు.

“మంగన్నా, నా పేరు జైరాం. మోతె కాడ మా తండా. మొన్న నా బండి గూడ తాళం తీసినంక ఆగలే.”

మంగయ్య ఆయన్ను కాసేపు అట్లాగే చూశాడు. రోడ్డు పక్కన రాయి మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఇన్నాళ్లకు తన మాట నమ్మే మనిషి ఒకడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. జైరాం అతని పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. లోపలికి వస్తున్నారా అని నగేష్ సైగ చేస్తే, మీరు పొండి అని తలూపాడు.

మిల్లు వెనక షెడ్డు తలుపు భద్రమ్మ అల్లుడు దేవేందర్ తీశాడు. అత్తగారి బళ్ల బాగోగులు, మరమ్మతులు, ఆయిల్ మార్పించడాలు అన్నీ చూసేది అతనే. నవ్వుతూనే పలకరించాడు, “ఇప్పుడీ పాత ముచ్చట్లెందుకు అత్తమ్మా, మీ పానం బాగుండదు” అన్నాడు. భద్రమ్మ వినిపించుకోలేదు. వ్యాను మీది టార్పాలిన్‌ను నగేష్ ఒక కొస నుంచి లాగాడు. నొక్కుకుపోయిన ముందు భాగం, పగిలిన అద్దం, తలుపుల మీద ఎండి పగుళ్లు దేరిన కాలవ బురద. భద్రమ్మ మొహం తిప్పేసుకుని గుమ్మం దగ్గరే ఉండిపోయింది. దేవేందర్ ఆమె పక్కన నిలబడ్డాడు.

వంకరపోయిన బానెట్‌ను నగేష్ గడ్డపారతో ఎత్తి పట్టుకున్నాడు. రజిత టార్చి వేసుకుని, తల లోపలికి పెట్టింది. ఇంజను మీదంతా తుప్పు. నట్లు, బోల్టులు అన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆమె వెలుతురును మెల్లగా పక్కకు జరిపింది, టర్బో ఉండాల్సిన చోటికి.

అక్కడ టర్బో లేదు.

బోల్టులు ఉన్న చోట మాత్రం తుప్పు లేదు. పానా పట్టి తిప్పిన అంచులు తెల్లగా మెరుస్తున్నాయి. తెగిన గొట్టం కొసన ఆయిల్ ఇంకా ఎండలేదు. వేలు పెట్టి చూస్తే తడి అంటింది. విప్పింది ఎవరో గాని, ఈ మధ్యనే విప్పారు. నగేష్ నిలబడ్డ చోటికి ఇదేమీ కనపడదు. అతనికి చెప్పడానికి ఆమె తల బయటికి తీయబోయింది.

అంతలో గుమ్మం దగ్గర నుంచి దేవేందర్ గొంతు వినపడింది.

“టర్బోను తుక్కు దొంగలు ఎత్తుకపోయినట్టున్నరు అత్తమ్మా. ఈ షెడ్డుకు కాపలా ఎవరున్నరు?”

రజిత బానెట్ కింద అట్లాగే ఆగిపోయింది. అక్కడ ఏం లేదో ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.